ముందు మందు కొట్టడం ఆపు

పర్చూరు

చి. బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఆ పూల కుండీ దిగులుతో నువ్వు సరిగ్గా తినడం లేదని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముచ్చటపడి కొనుక్కున్న ఆర్కిడ్ పూలు రాల్చి, ఆకులు ముడతలు పడితే బాధే మరి. ఆఫీసు పనిలో పడి దాని మొహం చూడలేదంటే సరే, ఉద్యోగాలు అలాంటివి. కానీ ఇప్పుడు పొద్దునా సాయంత్రం నీళ్లు, పైగా బలం మందు, ఆకుల మీద పిచికారీ అని రాశావు చూడు, నాకు గుండె ఝల్లుమంది అక్కడే.

పర్చూరు పిల్లవి, నీకు తెలియాలి. 1987లో మన పత్తి మీద తెల్లదోమ పడింది. అంతకు కొన్నేళ్ల ముందు పైరిత్రాయిడ్ మందులు కొత్తగా వచ్చాయి. కొట్టగానే కాయపురుగు రాలుతుంటే ఎవరి చేతులూ ఆగలేదు. దోమను తినే మిత్రపురుగులు ముందు చచ్చాయి, దోమ విజృంభించింది. మళ్లీ మందు, దానికి మళ్లీ అప్పు. ఆకుల మీద తేనెబంక, బంక మీద మసి. చేలో నడిచొస్తే పంచె నల్లబడేది. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని ఇళ్లల్లో ఏడుపులు విన్నామో మీ అమ్మమ్మని అడుగు. వద్దులే, అడగకు. ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వంటింట్లోకి పోతుంది.

జబ్బేమిటో చూడకుండా మందు పొయ్యొద్దని చెప్పడానికే ఇదంతా.

ఆ పింగాణీ కుండీకి అడుగున చిల్లు ఉందా? చాలావాటికి ఉండదు. లోపలున్న ప్లాస్టిక్ తొట్టి బయటికి తీసి, మొక్కని మెల్లగా ఊడదియ్యి. వేళ్లు ఒక్కొక్కటీ చేతివేళ్ల మధ్య నొక్కి చూడు. గట్టిగా ఉంటే బతికున్నట్టు. మెత్తగా నలిగి, పైతోలు జారి లోపల దారం మిగిలితే కుళ్లినట్టు. కత్తెర స్పిరిట్‌తో తుడిచి అలాంటివి కత్తిరించు. ఆకులు ముడతపడితే దాహం అనుకుంటావు. వేరు ఎండినా, కుళ్లినా ఆకుకి నీరందదమ్మా, ముడత ఒకటే. వేరు చూడందే ఏదో తేలదు.

మట్టిలో మాత్రం పెట్టకు. మా మేనమామ వాళ్ల ఊరు మార్కాపురం అవతల, నల్లమల పక్క. చిన్నప్పుడు సెలవులకి పోతే మామిడి కొమ్మల మీద ఒక రకం బదనిక కనిపించేది. పుస్తకాల్లో వాండా అంటారట, అదీ ఈ ఆర్కిడ్ జాతే. చెట్టు రసం తాగదు, బెరడుని పట్టుకుని గాలిలో వేళ్లు వేలాడేసి బతుకుతుంది. పీకబోతే మామయ్య నా చెవి మెలేశాడు. ఆయన చేతివేళ్లు కూడా ఆ వేళ్లలాగే గరుకు.

నీ మొక్కకీ బెరడు ముక్కలు, బొగ్గు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. చిల్లులున్న తొట్టిలో పెట్టి తూర్పు కిటికీ దగ్గర ఉంచు, నడి ఎండ తగలనీకు. ఇది ఆరుతడి పైరు అనుకో. వేళ్లు వెండి రంగుకి తిరిగినప్పుడే పొద్దున పూట తడుపు, తడిస్తే పచ్చబడతాయి. ఆకుల నడిమి మొవ్వులో నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్దేయి, లేకపోతే మొవ్వు కుళ్లుతుంది. కొత్త వేరు కొన పచ్చగా బయటికొచ్చేదాకా బలం మందు ముట్టుకోకు. ఆ తర్వాత కూడా పొట్లం మీద రాసినదాంట్లో సగమే.

పూత కోసం తొందరపడకు. వేళ్లూ ఆకులూ కోలుకోవడానికే నెలలు పడుతుంది. రాత్రులు చల్లబడితే కాడ తొడుగుతుంది, నువ్వుండే హైదరాబాదు చలి దానికి మంచిదే. ఈ చలికాలం కాకపోతే వచ్చే చలికాలం. ఒకవేళ బతకలేదనుకో, నీ చేతి దోషం అనుకోకు. పంట పోయిన ప్రతివాడూ పనికిమాలిన రైతు కాదు.

నువ్వు వేళకి తిను, పదకొండింటికల్లా పడుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు మొక్కని తేకు, బస్సులో నలిగిపోతుంది. ఆ మందు పొట్లాలు మాత్రం పట్టుకురా, నా అటక మీద పెడతాను. నీ దగ్గరుంటే చెయ్యి ఊరుకోదు.

ఇట్లు,
మీ తాతయ్య