పేరు, జాతి, విలువ: కంప్యూటరు లెక్కలలో మొదటి పాఠము

అడంగలు, 1-బి, ఇంటిపన్ను రిజిస్టరు, జమాఖర్చుల పుస్తకము ఎట్టివో ఆత్మకూరు ప్రాంతపు పంచాయతీ సభ్యులకు క్రొత్తగ చెప్పనక్కరలేదు. ఈ పుస్తకములలో అనేకము నేడు కంప్యూటరున కెక్కినవి. 2019 అక్టోబరు 2న మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు ప్రారంభమైనవి. 2020 ఏప్రిల్ 24న పంచాయతీల ప్రణాళికలకును పద్దులకును ఇ-గ్రామస్వరాజ్ పోర్టలు ఏర్పడినది. కావున కంప్యూటరు ఒక లెక్కను ఎట్లు దాచుకొనునో తెలిసికొనుట సభ్యులకు అక్కరకు వచ్చు విద్య. ప్రోగ్రామింగు నేర్చుకొను పడుచువారికి చెప్పు మొదటి పాఠము కూడ ఇదియే.

మన ఇండ్లలో జొన్నలకొక గరిసె, కొర్రలకొక గరిసె ఉండెడివి. నూనెకు కుండయే గాని గరిసె పనికిరాదు. కంప్యూటరులోను అంతే. ఒక విలువను దాచుటకు ముందు దానికొక చోటు ఏర్పరచి, ఆ చోటునకు పేరు పెట్టి, అందు ఏ జాతి సరకు పోయుదుమో చెప్పవలెను. ఆ చోటును వేరియబుల్ లేక చలరాశి యందురు. సరకు జాతిని డేటా టైప్ అందురు. ముందుగ చెప్పుటను ప్రకటన యందురు. రిజిస్టరులో గీతలు గీసి, గడులపై శీర్షికలు వ్రాయుట వంటిదే యిది.

1972 ప్రాంతమున డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో ప్రకటన ఇట్లుండును. అసలు ప్రోగ్రామును ఇంగ్లీషు లిపిలో వ్రాయుదురు. ఇచ్చట తెలుగులో చూపుచున్నాము.

ఇంట్ ఇండ్లు = 412;

ఇందు 'ఇంట్' అనునది జాతి, అనగా పూర్ణాంకము. 'ఇండ్లు' పేరు. 412 విలువ. రేపు మరియొక ఇల్లు లేచినచో విలువ 413 అగును. పేరును జాతియు మారవు.

ముఖ్యమైన జాతులు నాలుగు. ఇండ్లు, ఓట్లు, పశువులు పూర్ణాంకములు. వానకొలత దశాంశ సంఖ్య: 12.6 మిల్లీమీటరులను పూర్ణాంకపు గడిలో పోసినచో 12 మాత్రమే నిలుచును. మనుష్యుల పేర్లు అక్షరముల వరుస. కుళాయి ఉన్నదా లేదా అనునది అవును-కాదు జాతి.

అంకెలుగా కనిపించునవి అన్నియు సంఖ్యలు కావు. ఆత్మకూరు పిన్‌కోడు 518422. దానిని మరియొక పిన్‌కోడుతో కూడిన వచ్చు మొత్తమునకు అర్థము లేదు. అది ఊరి గుర్తు. ఆత్మకూరు అను పేరుగల ఊళ్లు నెల్లూరు, అనంతపురము జిల్లాలలోను కలవు గదా! సర్వే నంబరు 214/2 కూడ అట్టిదే. దానిని లెక్కగా తలచినచో కంప్యూటరు భాగహారము చేసి 107 అనును. బ్యాంకు ఖాతా మొదటనున్న సున్న కూడ సంఖ్యా జాతిలో ఎగిరిపోవును. ఇట్టివానిని అక్షరములుగనే దాచవలెను.

భూమి విషయమున జాగ్రత్త మరింత అవసరము. ఒక రైతునకు 2 ఎకరముల 5 సెంట్లు ఉన్నవనుకొందము. ఎకరమునకు 100 సెంట్లు గనుక అది 2.05. ఎకరములను, సెంట్లను వేరువేరు పూర్ణాంకములుగా తీసికొని నడుమ చుక్క పెట్టినచో 2.5 అగును. అనగా 2 ఎకరముల 50 సెంట్లు! లేని 45 సెంట్లు కాగితముపై పుట్టినవి. పూర్ణాంకపు గడిలో 2.05 పోసినచో 2 మాత్రమే మిగులును. 5 సెంట్లు, అనగా 242 చదరపు గజములు, మాయమగును. ఇంటిస్థలమునకు చాలిన నేల అది. మొత్తము 205 సెంట్లని పూర్ణాంకముగా దాచుట క్షేమము. 1957 ఏప్రిల్ 1కి పూర్వపు పద్దులలో 3-8-0 అనగా మూడు రూపాయల ఎనిమిది అణాలు. నేటి లెక్కన 3.50 గాని 3.80 కాదని పెద్దలకు తెలియును. డబ్బును కూడ పైసలలో పూర్ణాంకముగా దాచుట మేలు.

గరిసెకు కొలత ఉన్నట్లే జాతికిని హద్దు కలదు. సాధారణముగా ఇంట్ జాతిలో 214,74,83,647 వరకే పట్టును. పది అంకెల సెల్‌ఫోను నంబరు గాని, పండ్రెండంకెల ఆధార్ సంఖ్య గాని అందు ఇమడవు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్ 5 రాకెట్టులో ఒక పెద్ద విలువను 32,767 మించి పట్టని గడిలోనికి మార్పబోయిరి. ఎగిరిన సుమారు 40 సెకనులలోనే రాకెట్టు నాశనమైనది.

1991లో వెలువడిన పైథాన్ భాషలో ముందుగ ప్రకటింపనక్కరలేదు. విలువను బట్టియే జాతి ఏర్పడును. అయినను జాతి లేకపోదు. 20ని, 5ని అక్షరములుగా దాచి కూడినచో 25 రాదు, 205 వచ్చును.

కావున పంచాయతీ రికార్డు క్రొత్తగా కంప్యూటరున కెక్కునపుడు సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెను. ఈ గడి పేరేమి? ఇందు ఏ జాతి విలువ పోయుదురు? దీని కొలమానము, హద్దు ఏవి? తరువాత పాత పుస్తకములోని పది పద్దులను తెరపై వానితో సరిచూడవలెను. సెంట్లు ఒంటి అంకెలో ఉన్న పద్దులు, సున్నతో మొదలగు నంబరులు, గీటుగల సర్వే నంబరులు వానిలో తప్పక ఉండవలెను. పొరపాటు గడి గీయునాడే పట్టుబడినచో దిద్దుట సులభము. పాసుపుస్తకమున కెక్కిన పిమ్మట రైతు కచేరీల చుట్టు తిరుగవలసి వచ్చును. ఊరిలో కంప్యూటరు చదువుచున్న యువకులను, యువతులను ఈ పరిశీలనకు పిలిచినచో వారి చదువునకు ఫలము, పంచాయతీకి మేలు చేకూరగలవు.