"వేడి చేసింది" అంటే ఇంగ్లీష్‌లో ఏమంటారు?

ముందే చెప్పేస్తున్నా, ఇది కథ కాదు, కవితా కాదు. మన క్లబ్ ఎడిటర్ అక్క "ఈమధ్య నువ్వేదో చైనా వైద్యం చదువుతున్నావట కదా, అదే రాయి" అంది. నేను సీఎస్ఈ సెకండియర్. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం, ఇంటర్‌లో అందరిలాగే మార్కుల కోసం సంస్కృతం. కాబట్టి వత్తులూ దీర్ఘాలూ తప్పితే సర్దుకుపోండి.

సీఎస్ఈ వాడికి చైనా వైద్యంతో పనేంటి అంటే, అది అమ్మమ్మ దగ్గర మొదలైంది.

పోయిన వేసవిలో అమ్మమ్మా నేనూ బెంగళూరులో మావయ్య వాళ్లింటికి వెళ్లాం. నాలుగు రోజులకి అమ్మమ్మ "బాగా వేడి చేసిందిరా" అంటూ నీరసంగా కూర్చుంది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టర్‌గారికి తెలుగు రాదు, అమ్మమ్మకి తెలుగు తప్ప ఇంకోటి రాదు. మధ్యలో నేను. ఆవిడ "వేడి చేసింది" అంది, నేను "ఫీవర్" అన్నాను. థర్మామీటర్ పెడితే నార్మల్. వచ్చి తగ్గిందేమో అనుకుని ఆయన జ్వరం మాత్రలు రాసి, రెండ్రోజులు చూసి మళ్లీ రమ్మన్నారు.

అమ్మమ్మ చెప్పింది మూత్రంలో మంట గురించి. మనవడి ముందు ఆ మాట అనలేక "వేడి చేసింది" అంది. ఆవిడకి షుగర్ కూడా ఉంది. ఇంకో రెండ్రోజులకి చలిజ్వరం వచ్చి వణికిపోతుంటే, అత్తయ్య పక్కన కూర్చుని మెల్లగా అడిగితే అసలు విషయం బయటపడింది. యూరిన్ ఇన్ఫెక్షన్. తగ్గిపోయింది లెండి, కానీ ఇంట్లో అందరూ నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "నిన్ను జ్వరమని ఎవరు చెప్పమన్నార్రా?" అని అమ్మ ఫోన్‌లో తిట్టింది.

కాలేజీకి వచ్చాక మినీ ప్రాజెక్ట్‌కి ఇదే తీసుకున్నాను. పేషెంట్ తెలుగులో చెప్పిన లక్షణాన్ని ఇంగ్లీష్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాం. పైథాన్‌లో ఒక డిక్షనరీ, ఎడమవైపు తెలుగు మాట, కుడివైపు ఇంగ్లీష్ మాట. సింపుల్ అనుకున్నాను. మొదటి ఎంట్రీ దగ్గరే ఆగిపోయాను. "వేడి చేసింది"కి కుడివైపు ఏం రాయాలి? దీనికోసం వెతుకుతుంటే, సరిగ్గా ఇదే గొడవ చైనా వైద్య గ్రంథాలని అనువదించేవాళ్ల మధ్య కొన్ని దశాబ్దాలుగా నడుస్తోందని తెలిసింది.

చైనీస్‌లో "షాంగ్‌హువో" అని ఒక మాట ఉంది. విడదీస్తే "మంట పైకెక్కడం". నోటిపూత, గొంతునొప్పి, మొటిమలు, కళ్లు ఎర్రబడటం, ఇవన్నీ షాంగ్‌హువో లక్షణాలు. వేపుళ్లు, లీచీ పళ్లు ఎక్కువ తింటే వస్తుందంటారు. విరుగుడుగా చలవచేసే మూలికల టీ తాగుతారు. మనకి మామిడిపళ్లు, మజ్జిగ, సబ్జా గింజలు ఎలాగో వాళ్లకి అది అలాగ. థర్మామీటర్‌కి అందే వేడి కాదిది. రెండూ ఒకచోట నుంచి పుట్టాయని నేను చెప్పట్లేదు. ఇంగ్లీష్‌లోకి వెళ్లేటప్పుడు రెండూ ఒకేచోట ఇరుక్కుంటాయి, అంతే.

ఇప్పుడు గొడవలోకి వద్దాం. చైనీస్‌లో "ఫెంగ్‌హువో యెన్" అని ఒక జబ్బు. మాటకి మాట పెడితే "గాలి-మంట-కన్ను". మన భాషలో దాదాపు కళ్లకలక. బీజింగ్‌కి చెందిన ప్రొఫెసర్ షియే జూఫాన్ వాదన ఏంటంటే, దీన్ని ఇంగ్లీష్‌లో "అక్యూట్ కంజంక్టివైటిస్" అనేస్తే సరిపోతుంది, ఎవరికైనా అర్థమవుతుంది, "గాలి మంట కన్ను" అంటే నవ్వుతారు. తైవాన్‌లో పనిచేసిన బ్రిటిష్ భాషావేత్త నైజెల్ వైజ్‌మన్ ఒప్పుకోలేదు. ఆయన ఫెంగ్ యెతో కలిసి 1998లో చైనా వైద్యానికి పెద్ద ఇంగ్లీష్ నిఘంటువు తెచ్చినాయన. ఆయన చెప్పేది ఇది: ఆ పేరులోనే కారణం ఉంది, కారణంలోనే చికిత్స ఉంది. గాలి, మంట అన్నారు కాబట్టే గాలిని వెళ్లగొట్టే మూలికలు, మంటని తగ్గించే మూలికలు ఇస్తారు. పేరు మార్చేస్తే ఆ మందులు ఎందుకిచ్చారో చదివేవాడికి అర్థం కాదు. మన భాషలో చెప్పాలంటే ఫారిన్ కీ తీసేసి టేబుల్‌ని మాత్రం ఉంచినట్టు.

మొదట నేను పూర్తిగా వైజ్‌మన్ పార్టీ. తర్వాత "జోంగ్‌ఫెంగ్" అనే మాట తగిలింది. అర్థం "గాలి దెబ్బ". ఇంగ్లీష్‌లో స్ట్రోక్. తెలుగులో? పక్షవాతం. వాతం అంటే గాలే కదా! మనం రోజూ అనే మాటలో గాలి ఉందని నాకు పంతొమ్మిదేళ్లకి, అదీ చైనా వాళ్ల పుణ్యమా అని తెలిసింది. కానీ పక్షవాతం అన్నప్పుడు మనలో ఎవరికైనా గాలి గుర్తొస్తుందా? రాదు. మాట మిగిలింది, గాలి పోయింది. అలాంటప్పుడు ప్రతి అనువాదంలోనూ ఆ గాలిని పట్టుకొచ్చి చూపించడం అవసరమా? ఈ పాయింట్‌లో షియేగారి వైపు కూడా న్యాయం ఉందనిపించింది. నా మటుకు నేను పాత గ్రంథాన్ని అనువదిస్తే వైజ్‌మన్‌లా, పేషెంట్‌కి చీటీ రాస్తే షియేలా చేస్తాను.

"చీ" అనే మాటది ఇంకో కథ. దాన్ని "ఎనర్జీ" అని, చీ తిరిగే దారుల్ని "మెరిడియన్" అని వాడుకలోకి తెచ్చింది జార్జ్ సూలియే ద మోరాన్ అనే ఫ్రెంచి దౌత్యాధికారి, ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో. యోగా యాప్‌ల నుంచి స్పా బోర్డుల దాకా ఇప్పటికీ అదే నడుస్తోంది. కానీ చీ పాత లిపిలో పైన ఆవిరి గుర్తు, కింద బియ్యం గుర్తు ఉంటాయి. అన్నం ఉడుకుతుంటే గిన్నె మీదకి లేచేదాన్ని ఫిజిక్స్ టెక్స్ట్‌బుక్‌లోని ఎనర్జీ అంటే ఎలా? జర్మన్ పండితుడు పాల్ ఉన్షుల్డ్, హెర్మన్ టెసెనోతో కలిసి "హువాంగ్‌డీ నైజింగ్"లోని "సూవెన్" భాగాన్ని 2011లో రెండు సంపుటాల్లో ఇంగ్లీష్‌లోకి తెచ్చారు. అందులో చీని చీగానే వదిలేశారు. మెరిడియన్ బదులు గొట్టం, కాలువ అనే అర్థం వచ్చే మాట వాడారు. శరీరంలోని అవయవాల రెండు గుంపుల్ని, అంటే జాంగ్, ఫూలని, "గిడ్డంగులు", "భవనాలు" అనే అర్థంలో పెట్టారు. వినడానికి వింతగా ఉంటుంది. కానీ రెండువేల ఏళ్ల కిందటివాళ్లు శరీరాన్ని ఒక రాజ్యంలా ఊహించుకున్నారని ఆ మాటల వల్లే తెలుస్తుంది.

ఇక్కడో ప్రమాదం కూడా ఉంది. జాంగ్‌లలో ఒకటైన "షెన్"ని కిడ్నీ అని అనువదిస్తారు. పాత గ్రంథాల్లో షెన్ ఎముకల్నీ, సంతానాన్నీ, ఎదుగుదలనీ కూడా చూసుకుంటుంది. "మీ కిడ్నీ బలహీనంగా ఉంది" అని ఆ వైద్యుడంటే, మనం క్రియాటినిన్ టెస్టుకి పరిగెడతాం. ఇద్దరూ వేరే వేరే వాటి గురించి మాట్లాడుతున్నారన్నమాట.

ఇవన్నీ పాత పుస్తకాల గొడవలే అనుకోకండి, కొత్తవి బయటపడుతూనే ఉన్నాయి. 1973లో చాంగ్షా దగ్గర మవాంగ్‌డుయ్‌లో, క్రీ.పూ. 168లో మూసేసిన ఒక సమాధిలో పట్టు మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో శరీరంలోని దారులు పదకొండే. మనం ఇప్పుడు వినే పన్నెండు కాదు. సూదులు కూడా లేవు, మూలిక కాల్చి వేడి పెట్టడం ఒక్కటే ఉంది. (ఆ కాల్చే మూలిక ఆర్టెమిసియా జాతిది. మనం వినాయకచవితి పత్రిలో పెట్టే మాచిపత్రిదీ అదే జాతి.) తర్వాత 2012-13లో చెంగ్డూ దగ్గర లావోగ్వాన్‌షాన్‌లో ఇంకో సమాధి. అందులో 900కి పైగా వెదురు పలకల మీద వైద్యం, పక్కనే జానెడు కన్నా చిన్న లక్క బొమ్మ, ఒంటినిండా గీతలతో. ఆ పలకల్ని సరిచేసి, చదివి, ప్రచురించేసరికి 2022 వచ్చింది. అంటే "మూలగ్రంథంలో ఇలా ఉంది" అనే మాటకి ఆధారం ఇంకా మట్టిలోంచి వస్తూనే ఉంది. ఒక్కసారిగా దిగొచ్చిన శాస్త్రం కాదిది, చాలా వెర్షన్లున్న శాస్త్రం.

సరే, పేరు తప్పైతే ఏమవుతుంది? నవ్వుకుంటాం, అంతేనా? నేనూ అలాగే అనుకున్నాను, బ్రసెల్స్ కేసు చదివేదాకా.

1990ల మొదట్లో బెల్జియంలోని బ్రసెల్స్‌లో, ఒక క్లినిక్‌లో బరువు తగ్గడానికి మాత్రలు తీసుకున్న ఆడవాళ్లకి ఒకరి తర్వాత ఒకరికి కిడ్నీలు పాడవడం మొదలైంది. 1993లో వాన్‌హెర్‌వెగెమ్ అనే డాక్టర్, ఆయన సహచరులు లాన్సెట్ పత్రికలో దీన్ని బయటపెట్టారు. చివరికి బాధితులు వందకు పైగా తేలారు. చాలామందికి డయాలసిస్, కిడ్నీ మార్పిడి. మాత్రల్లో ఉండాల్సింది "ఫాంగ్‌జీ" అనే మూలిక, స్టెఫానియా టెట్రాండ్రా అనే మొక్క వేరు. చైనాలో ఇంకో మొక్కనీ "గ్వాంగ్ ఫాంగ్‌జీ" అంటారు, అది అరిస్టలోకియా ఫాంగ్‌చీ. ముందున్న "గ్వాంగ్" దాని ప్రాంతాన్ని చెప్పే మాట. ఆ ఒక్క మాట దగ్గర రెండు మొక్కలూ తారుమారయ్యాయి. రెండో మొక్కలో అరిస్టలోకిక్ ఆసిడ్ ఉంటుంది. అది కిడ్నీని తినేస్తుంది, తర్వాత క్యాన్సర్ కూడా తెస్తుంది. వీళ్లలో ముందుజాగ్రత్తగా ఆపరేషన్‌కి ఒప్పుకున్న 39 మందిని పరీక్షిస్తే 18 మందికి మూత్రనాళాల్లో క్యాన్సర్ కనిపించిందని 2000లో ప్రచురించారు.

ఫాంగ్ అంటే కాపాడు, జీ అంటే తాను. ఆ మూలిక పేరు అది.

నాకు రాత్రంతా నిద్రపట్టలేదు. ఎందుకంటే నా ప్రోగ్రాంలో కూడా ఉన్నది అదే తప్పు. ఒక పేరు ఒకే వస్తువుని చూపిస్తుందని నేను నమ్మేశాను. డీబీఎంఎస్ క్లాసులో "పేరుని ప్రైమరీ కీగా పెట్టకండి" అని సార్ మొత్తుకుంటుంటే, సినిమా ఉదాహరణ వేసుకుని నవ్వుకున్నాం. చైనా 2003లో ఇలాంటి ఇంకో మూలిక గ్వాన్ ముతోంగ్‌ని, 2004లో గ్వాంగ్ ఫాంగ్‌జీని అధికారిక మందుల నుంచి తీసేసింది. వాడకం దూరంగా ఎక్కడో ఉందనుకోకండి. మన దగ్గర ఈశ్వరి అని పాముకాటుకి పల్లెల్లో చెప్పే తీగ కూడా అరిస్టలోకియానే. దాంట్లోనూ ఆ ఆసిడ్ ఉంటుంది. ఇక బ్రాహ్మి సంగతి తెలిసిందే. కేరళలో బ్రాహ్మి అంటే ఒక మొక్క, ఉత్తరాదిలో చాలాచోట్ల మనం సరస్వతి ఆకు అనే మొక్క.

అలాగని పేరు వెంట ఓపిగ్గా పోతే మేలే జరిగిన సందర్భమూ ఉంది. తూ యూయూకి 2015లో నోబెల్ తెచ్చిన ఆర్టెమిసినిన్ మలేరియా మందు. నాలుగో శతాబ్దంలో గె హోంగ్ రాసిన చిట్కాల పుస్తకంలో, చింగ్‌హావ్ అనే మొక్కని గుప్పెడు తీసుకుని, నీళ్లలో నానబెట్టి, పిండి, రసం తాగమని ఉంది. కషాయం కాచమని లేదు. మిగతా మూలికలన్నీ కాచేవే కాబట్టి ఆ తేడా దగ్గర ఆవిడ ఆగారు. వేడికి మందు పోతోందేమోనని తక్కువ వేడిలో తీసి చూశారు, పనిచేసింది. మొక్క విషయంలో మాత్రం మళ్లీ అదే తంటా. ఆ మందు దొరికే ఆర్టెమిసియా ఆన్యువాని చైనాలో వృక్షశాస్త్రవేత్తలు "పసుపు పూల హావ్" అంటారు, మందుల పుస్తకం మాత్రం చింగ్‌హావ్ అంటుంది. పేరుకి చింగ్‌హావ్‌గా చలామణి అయిన ఇంకో మొక్కలో ఆ మందే లేదు. పాత పుస్తకంలో "పిండి" అనే ఒక్క క్రియ కాపాడింది. "తయారుచేసి" అని ఎవరైనా సాఫీగా అనువదించి ఉంటే?

ఇప్పుడు ఇదంతా కోడ్‌లలోకి కూడా వచ్చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 జబ్బుల జాబితాలో 26వ అధ్యాయం సంప్రదాయ వైద్యానిది. మొదటి మాడ్యూల్ చైనా వైద్యం నుంచి వచ్చింది. 2024 జనవరిలో ఢిల్లీలో విడుదలైన రెండో మాడ్యూల్ ఆయుర్వేదం, సిద్ధ, యునానీలది. ప్రతి మాటకీ ఒక కోడ్. కానీ అవి పండితుల మాటలు. అమ్మమ్మ "వేడి చేసింది" వాటిలో ఎక్కడ పడుతుంది?

నా ప్రోగ్రాంలో కుడివైపు కాలమ్ తీసేశాను. మాటకి బదులు అక్కడ ప్రశ్నల లిస్ట్ వస్తుంది. అవి రాయడానికి మొన్న అమ్మమ్మకి ఫోన్ చేసి, "అమ్మమ్మా, వేడి చేసింది అంటే ఏమేం అనుకోవచ్చు?" అని అడిగాను.

"ఎవరికిరా? పిల్లలకా, మగవాళ్లకా, ఆడవాళ్లకా? ఏ నెలలో?" అంది.

నాలుగు పేజీలు రాసుకున్నాను. ఇంకా "పైత్యం" దగ్గరికి రాలేదు.