రైలు కిరాయి లెక్కలో గడియారం కూడా ఉంది

గద్వాల: దూర ప్రాంతాలకు పెద్దమొత్తంలో సరుకు పంపేటపుడు లారీ కంటె రైలు చవక అన్నది వర్తకులు ఎరిగినదే. అయితే రైలు రసీదులో కనిపించే కిరాయే మొత్తం ఖర్చు కాదు. మార్కెట్టు నుంచి స్టేషనుకు లారీ బాడుగ, రెండు చివరలా హమాలీ, ఆలస్యమైతే డెమరేజి, వార్ఫేజి కలిపి క్వింటాలుకు పంచితేనే అసలు ధర తేలుతుంది.

మూడు కేంద్రాల స్థితి ఒకటి కాదు. గద్వాల సికింద్రాబాద్-ద్రోణాచలం మార్గంలో ఉంది. 2013లో రాయచూరు లైను కూడా కలిసింది. వనపర్తి రోడ్ స్టేషను పట్టణానికి దూరంగా మదనాపురంలో ఉంది. నాగర్‌కర్నూల్ పట్టణానికి రైలే లేదు; అక్కడి సరుకు జడ్చర్లకో మరో స్టేషనుకో లారీపై చేరాలి. కనుక వేరుశనగ, ధాన్యం, మొక్కజొన్న ఏదైనా ఊరిని బట్టి లెక్క మారుతుంది.

1990ల దశకంలో ఈ మార్గం బ్రాడ్‌గేజి కావడంతో గేజి మారే చోట బస్తాలు దింపి ఎక్కించే బాధ తప్పింది. మిగిలినవి రెండు జాప్యాలు. ఒంటి లైను జాప్యం రైల్వే బాధ్యత. మహబూబ్‌నగర్-ద్రోణాచలం రెండో లైనుకు 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం లభించింది. ఎగుమతి జాప్యం మాత్రం చాలావరకు వర్తకుల చేతిలోనిదే.

ఉదాహరణకు 20 వ్యాగన్ల మినీ రేకు తీసుకుందాం. వ్యాగనుకు 60 టన్నుల చొప్పున 12,000 క్వింటాళ్లు, అంటే 50 కిలోల బస్తాలు 24,000. గడువు 9 గంటలనుకుంటే గంటకు సుమారు 2,667 బస్తాలు ఎక్కాలి. పది టన్నుల లారీలైతే 120 ట్రిప్పులు. వ్యాగన్లు వచ్చాక లారీలు వెదికితే గడువు దాటక తప్పదు. ఆపై ప్రతి గంటకూ, ప్రతి వ్యాగనుకూ డెమరేజి పడుతుంది.

అందుచేత సరుకు చేతిలో ఉన్నపుడే ఇండెంటు పెట్టాలి. చిన్న వర్తకులు సరుకు కలిపి, హమాలీ ముఠాలను ముందే మాట్లాడుకోవాలి. మినీ రేకు దూర పరిమితిని విచారించుకోవాలి. వేరుశనగ కాయలు తేలిక. తూకం నిండకముందే వ్యాగను నిండుతుంది. ఏ తూకంపై కిరాయి వేస్తారో ముందే తెలుసుకోవాలి. పప్పుగా పంపితే అదే వ్యాగనులో ఎక్కువ తూకం పడుతుంది.

రైల్వే వైపు నుంచి రేకు వచ్చే వేళ ముందుగా తెలియాలి. ప్లాట్‌ఫారంపై దీపాలు, పైకప్పు, లారీ తిరిగేందుకు చోటు ఉండాలి. 2020లో ఏర్పడిన వ్యాపారాభివృద్ధి విభాగాల ముందు ఈ కోరికలు పెట్టవచ్చు. త్వరగా ఖాళీ అయిన వ్యాగనే త్వరగా మరో వర్తకుడికి దొరుకుతుంది.