అండమాన్‌లో పొద్దు ముందే గూకుతుంది

ప్రశ్న: డిసెంబరులో అయిదు రోజులు అండమాన్ వెళ్తున్నాం. రోజుకు నాలుగు చోట్లు చూడగలమా? నాన్నకు బీపీ ఉంది, స్కూబా చేయొచ్చా?
– ఓ పాఠకుడు, బాన్సువాడ

జవాబు: నాలుగు వద్దండీ, రెండు చాలు. గడియారం ఒకటే అయినా పొద్దు ఒకటి కాదు. అండమాన్ మీ ఊరికి దాదాపు 15 డిగ్రీలు తూర్పున ఉంది. డిగ్రీకి 4 నిమిషాల లెక్కన సూర్యుడు ఇంచుమించు గంట ముందుంటాడు. డిసెంబరులో సాయంత్రం 5 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది. తీరిగ్గా భోంచేసి బయల్దేరితే హావ్‌లాక్ దీవిలోని రాధానగర్ తీరంలో మిగిలేది కాసేపే. తెల్లారి 6కే కదలండి. అంత దూరం పోయి అన్నీ చూడకపోతే ఎట్లా అనిపిస్తుంది, నిజమే. కానీ దీవి మారిన ప్రతిసారీ ఓడకే ఓ పూట పోతుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పుడు శ్రీ విజయపురం) సెల్యులార్ జైలు చూసి, హావ్‌లాక్‌లో రెండు రాత్రులు ఉండండి. అక్కడి ఎలిఫెంట్ బీచ్‌లో నీళ్లపై బోర్లా తేలుతూ అద్దంలోంచి చూస్తే పగడాల మధ్య చారల చేపలు కనిపిస్తాయి. పగడాల మీద కాలు మోపకండి, అవి రాళ్లు కావు, ప్రాణులు.

స్కూబాకూ తిరుగు విమానానికీ మధ్య కనీసం ఒక రోజు ఎడం ఉండాలి. నీటి ఒత్తిడికి రక్తంలో కరిగిన నత్రజని, విమానంలో బుడగలై ప్రమాదం తెస్తుంది. నాన్నగారు మాత్రం ముందే డాక్టరుకు చూపించుకుని, ఆయన సరేనంటేనే దిగాలి. డైవింగ్ తర్వాత ఎవరికైనా కీళ్లనొప్పి, తిమ్మిరి, ఆయాసం వస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.