బానెట్ కింద కాపురం

వేసవి సెలవులకు ఊరెళ్తూ మనలో చాలామంది కారును క్వార్టర్స్ ముందే వదిలి వెళ్తాం. నలభై రోజుల తర్వాత తిరిగొచ్చి తాళం తిప్పితే బండి కదలదు. మెకానిక్ బానెట్ ఎత్తి చూపిస్తాడు: ఎండుటాకులు, గుడ్డపీలికలు, కొరికేసిన వైర్లు. ఎలుక కాపురం పెట్టిందన్నమాట.

ఎలుక వైరును కొరికేది ఆకలికి కాదు. దాని ముందు పళ్లు, పైన రెండు, కింద రెండు, బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే తిండి తినడమే కష్టమవుతుంది. ఆ పళ్లకు ముందువైపు మాత్రమే గట్టి ఎనామెల్ ఉంటుంది. వెనకవైపు మెత్తన. అది త్వరగా అరిగిపోవడంతో అంచు ఉలిలా పదునుగా నిలుస్తుంది. ఉడుతదీ ఇదే జాతి పన్ను. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు వీటికి ఒక లెక్క కాదు. తొడుగు పోయిన తీగలు ఒకదానికొకటి తగిలితే షార్ట్ సర్క్యూట్. పక్కనే ఎండుటాకుల గూడు ఉంటే నిప్పంటుకోవచ్చు కూడా.

పిల్లి కథ వేరు. దానికి కావలసింది వెచ్చదనం. ప్రయాణం ముగిసేసరికి ఇంజనులో తిరిగే నీరు సుమారు 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. అదంతా చల్లారడానికి గంటలు పడుతుంది. జనవరిలో ఢిల్లీలోనో అంబాలాలోనో ఉన్నవాళ్లకు ఆ వెచ్చదనం విలువ వేరే చెప్పక్కర్లేదు. టైరు మీదుగా పైకెక్కి పిల్లి హాయిగా నిద్రపోతుంది. తెల్లవారి బండి స్టార్టు చేయగానే బెల్టు గిర్రున తిరుగుతుంది. తప్పించుకునే వ్యవధి దానికి ఉండదు. అందుకే ముందు బానెట్ మీద అరచేత్తో నాలుగు దెబ్బలు గట్టిగా కొట్టి, కాసేపు ఆగాలి. పసికూనలు చప్పుడుకు పారిపోకుండా ఇంకా లోపలికి ముడుచుకుంటాయి. బానెట్ ఎత్తి చూడటమే నయం. స్కూలుకు ఆలస్యమవుతోందని నాన్నగారు విసుక్కున్నా సరే, ఇది ఒక్క నిమిషం పని.

ఎలుకల వెనకే పాము రావచ్చు. జెర్రిపోతుకు విషం లేదు, నాగుపాముకు ఉంది. బయటికి కనిపించే తోకను బట్టి అదేదో తేల్చే పని మనం పెట్టుకోకూడదు. దూరంగా నిలబడి పెద్దవాళ్లను పిలవాలి. వాళ్లు అటవీ శాఖకు చెబుతారు. ఈ రెండు పాములకూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

ఎలుకలు రాకుండా కొందరు బానెట్ కింద పొగాకు కాడలు పెడతారు. ఘాటు తగ్గాక ఎలుక మళ్లీ వస్తుంది. విషం పెట్టడం మాకు అసలు నచ్చదు. ఆ ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా చచ్చిపోవచ్చు. దానికన్నా చెత్తకుండీ పక్కన కారు నిలపకపోవడం, సీటు కింద రాలిన బిస్కెట్ ముక్కలు ఊడ్చేయడం మేలు. (ఆ ముక్కలు ఎవరివో మనకు తెలుసు!) సెలవులకు వెళ్లేటప్పుడు పక్క క్వార్టర్ అంకుల్‌కు తాళం ఇచ్చి, వారానికి రెండుసార్లు బండి తీయమని అడగవచ్చు. తీసేముందు బానెట్ మీద కొట్టమని కూడా చెప్పి వెళ్లాలి.