హాజిరీ పుస్తకం చేతికొచ్చిన వాళ్లకు

జంషెడ్‌పూర్ పక్కనున్న బాగ్‌బేరాలో చాలా తెలుగు ఇళ్ల కథ రైలు దగ్గరో కొలిమి దగ్గరో మొదలవుతుంది. తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికనో టిస్కో (ఇప్పటి టాటా స్టీల్)లో పనికనో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్ చుట్టుపక్కల స్థిరపడ్డారు. మనవళ్ల తరానికి వచ్చేసరికి కంపెనీ రోల్ మీద ఉద్యోగం గగనమైపోయింది. ఐటీఐ చేసిన కుర్రాడు ఠేకేదారు (కాంట్రాక్టరు) దగ్గర చేరతాడు, లేదంటే ఖర్కాయి నది దాటి ఆదిత్యపూర్‌లో ఏదో ఒక చిన్న షెడ్డులో చేరతాడు. నాలుగేళ్లు నిలబడి పని నేర్చుకుని, తెలుగుతో పాటు హిందీ కూడా గట్టిగా మాట్లాడగలిగితే అతన్నే సూపర్‌వైజర్ని చేస్తారు. చేతికి హాజిరీ (హాజరు) పుస్తకం ఇస్తారు. కింద పదిహేను మందిని పెడతారు. ఈ నాలుగు మాటలు అతని కోసం రాస్తున్నాను.

నాయకుడంటే ఎండీ అనో చైర్మన్ అనో అనుకోవడం మనకు అలవాటు. ఆ పదిహేను మందికి చైర్మన్ ఎప్పుడూ కనిపించడు, మీరే కనిపిస్తారు. వాళ్ల కూలి, ఒళ్లు, పరువు మీ చేతిలో ఉన్నాయి కాబట్టి వాళ్ల నాయకుడు మీరే. ఆ నాయకుడు నీతిపరుడా కాదా అని తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: కాగితం ప్రకారం తన బాధ్యత ఎక్కడ ముగుస్తుందో, ఆ గీతకు అవతల ఉన్న మనిషి విషయంలో అతను ఏం చేస్తాడు?

జంషెడ్‌పూర్ చరిత్ర ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులూ చెబుతుంది. టాటా స్టీల్‌లో 8 గంటల పని 1912లోనే వచ్చింది. ఉచిత వైద్యం 1915లో, జీతంతో సెలవూ ప్రావిడెంట్ ఫండూ 1920లో, గ్రాట్యుటీ 1937లో వచ్చాయి. దేశానికంతటికీ పీఎఫ్ చట్టం వచ్చింది 1952లో, గ్రాట్యుటీ చట్టం 1972లో. 1924లో కంపెనీ మునిగిపోయే స్థితికి వచ్చినప్పుడు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తినీ, భార్య మెహర్‌బాయి నగల్నీ హామీ పెట్టి ఇంపీరియల్ బ్యాంకు నుంచి కోటి రూపాయల అప్పు తెచ్చాడు. కష్టకాలంలో యజమాని ముందు తన జేబు తడుముకోవడం అరుదైన సంగతి. దాన్ని గౌరవించాలి.

అలాగని ఈ సౌకర్యాలన్నీ పైనుంచి దయగా రాలిపడ్డాయనుకోకూడదు. 1920లో, 1922లో, 1928లో ఇక్కడ పెద్ద సమ్మెలు జరిగాయి. 1928లో సుభాస్ చంద్రబోస్ వచ్చి కార్మికుల పక్షాన నిలబడ్డాడు. పీఎఫ్ వచ్చిన ఏడూ, కార్మికులు పని ఆపిన ఏడూ ఒకటే, 1920. యాజమాన్యమూ టాటా వర్కర్స్ యూనియనూ కలిసి కూర్చుని మాట్లాడుకునే పద్ధతి 1956 ఒప్పందంతో గట్టిపడింది. ఎంత మంచి యజమానికైనా కింద నుంచి మాట వినబడకపోతే ఏం జరుగుతోందో తెలియదు. కాబట్టి సూపర్‌వైజర్‌గా మీ మొదటి పని మీ మనుషులు భయం లేకుండా మీకు ఎదురు చెప్పగలిగేలా చూడటం.

ఇక గీతకు అవతల ఉండటం గురించి బాగ్‌బేరా వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. కంపెనీ లీజు ప్రాంతంలో కుళాయి తిప్పితే నీళ్లొస్తాయి. అది దాటి ఉన్న బాగ్‌బేరా పంచాయతీల జనం తాగునీటి కోసం ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తూ వచ్చారు. ఇక్కడ నీళ్లివ్వాల్సింది ప్రభుత్వం, కంపెనీ కాదు అంటారు. కాగితం మీద నిజమే. రోజూ గేట్ పాస్ చూపించి లోపలికి వెళ్లే మనిషి, సాయంత్రం బిందె పట్టుకుని లైన్లో నిలబడటమూ నిజమే. ఇలాంటి గీత వల్ల ఎంత బాధో తెలిసిన మనమే, రేపు మన కింద పనిచేసేవాళ్ల దగ్గర అదే గీత గీస్తాం. "వాడు మన రోల్ మీద లేడు కదా" అనే మాట ఎన్ని షెడ్లలో వినబడుతుందో మీకే తెలుసు.

ఆ గీత ముందుగా పడేది హాజిరీ పుస్తకంలోనే. నెలలో 26 రోజులు వచ్చిన మనిషికి 18 హాజిరీలు వేసి, మిగతా డబ్బు నగదుగా చేతిలో పెడతారు. కూలి మొత్తం అందింది కాబట్టి అతనూ ఏమీ అనడు. పీఎఫ్, ఈఎస్‌ఐ మాత్రం 18 రోజుల మీదే కడతారు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. పుస్తకంలోకి రాని రోజున అతని చెయ్యి ప్రెస్ కింద నలిగితే, ఆ రోజు అతను పనిలో ఉన్నట్టు ఒక్క కాగితం కూడా ఉండదు. ఆదిత్యపూర్ ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్లాక, పని చేస్తుండగా తగిలిన దెబ్బేనని నిరూపించలేక అతని భార్య ఆఫీసుల చుట్టూ తిరగాలి. పెన్సిల్‌తో గుర్తులు పెట్టి నెలాఖర్న పెన్నుతో దిద్దే పుస్తకం ఎందుకు పెడతారో ఇప్పుడు అర్థమైందా? మీరు మాత్రం షిఫ్టు మొదలవగానే పెన్నుతో వెయ్యండి. చదువురాని రేజా (కూలి మహిళ) అయితే ఆమె పేరూ, ఆ వారం హాజిరీలూ పైకి చదివి వినిపించండి. దీనికి రోజూ అయిదు నిమిషాలు చాలు.

రెండో గీత ఏటీఎం దగ్గర పడుతుంది. కనీస వేతనం బ్యాంకులో పడుతుంది, సాయంత్రానికి అందులో కొంత నగదుగా ఠేకేదారుకు వెనక్కి రావాలి. ఆ వసూలు పని సూపర్‌వైజర్‌కే అప్పగిస్తారు. ఒకసారి చేస్తే ఇక మీరు ఠేకేదారు ముందు తలెత్తి మాట్లాడలేరు, ఎందుకంటే దోషంలో మీకూ వాటా ఉంది. మొదటిసారి అడిగినప్పుడే మెత్తగా, గట్టిగా తప్పుకోండి. "సార్, ఈ పని నా చేత కాదు. రేపు లేబర్ ఆఫీసు వాళ్లు వస్తే వర్క్ ఆర్డరే పోతుంది" అని అతని నష్టం అతనికి చూపించండి. ఠేకేదారు జీతం ఎగ్గొడితే అసలు కంపెనీయే కట్టాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టంలో ఉండేది, కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంచారు. అందుకే ఇలాంటి గొడవ బయటపడితే పెద్ద కంపెనీలు ముందు ఠేకేదారునే తీసేస్తాయి. ఈ లెక్క అతనికి బాగా తెలుసు.

ఓవర్‌టైమ్ విషయంలో మన వాళ్లకు నొప్పి కలిగించే మాట ఒకటి చెప్పాలి. ఓటీకి కూలి రెట్టింపు కాబట్టి దానికోసం అందరూ ఎదురుచూస్తారు. తెలుగు సూపర్‌వైజర్ ఉంటే ఓటీ తెలుగువాళ్లకే వెళుతుందని హో, సంతాల్, ఒడియా పనివాళ్లు అనుకుంటే, అది ఊరికే పుట్టిన మాట కాదు. పరాయి ఊళ్లో మనవాణ్ని ఆదుకోవాలనిపించడం సహజం. ఆ సాయం మీ జేబులోంచి చెయ్యండి, ఆదివారం గుడి దగ్గర చెయ్యండి. ఓటీ మాత్రం వంతుల వారీగా రాసి గోడకు అంటించండి. పేరు ఎప్పుడొస్తుందో ముందే తెలిస్తే మీ మీద అనుమానం ఉండదు, మీ వీధివాళ్లు ఇంటికొచ్చి బతిమాలడమూ ఉండదు.

భద్రత గురించి క్లుప్తంగా చెబుతాను, శిక్షణలో మీరు చాలా విన్నారు. ఎత్తులో పనికి పర్మిట్ మీద సంతకం పెట్టేముందు ఆ చోటికి నడిచి వెళ్లి, హార్నెస్ కొక్కెం తగిలించే చోటు మీ చేత్తో లాగి చూడండి. ఎవరైనా భయపడి పని ఆపితే పైవాళ్లకు ఫోన్ చేసి "నేను ఆపించాను" అని చెప్పండి. ఆ పనివాడి పేరు ఎత్తకండి.

ఠేకేదారు వినకపోతే ఏం చెయ్యాలి? ఇక్కడ నాకు వి.వి. గిరి గుర్తొస్తారు. బరంపురంలో పుట్టిన ఆ తెలుగు మనిషి, పనిలోంచి తీసేసిన కార్మికుల కోసం 1928లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో సమ్మె నడిపారు. బాగ్‌బేరా పక్కనుంచి పోయే ఈ లైను ఆనాడు ఆ రైల్వేదే. ఆ తర్వాత కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల విషయంలో ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినందుకు 1954లో ఆ పదవి వదులుకున్నారు. పెద్ద పదవిలో ఉన్నవాళ్ల నుంచి మనం కోరాల్సింది అదే.

మీకు మాత్రం రేపే రాజీనామా చెయ్యమని చెప్పను. ఇంటద్దె, పిల్లల ఫీజులు, చీటీ కిస్తీలు ఉంటాయి. అబద్ధపు కాగితం మీద సంతకం మాత్రం పెట్టకండి. మీరు చెప్పిన అభ్యంతరాన్ని తేదీ వేసి వాట్సాప్‌లోనైనా పంపండి, నోటితో చెప్పి వదిలెయ్యకండి. హాజిరీ పేజీని రోజూ ఫోటో తీసి దాచుకోండి. కిందటి నెల పీఎఫ్ ఈ నెల 15లోపు కట్టాలి కాబట్టి, ఆ తర్వాత మీ వాళ్లందరిచేతా ఫోన్లో పాస్‌బుక్ తెరిపించి చూపించండి. డబ్బు పడకపోతే జంషెడ్‌పూర్‌లోనే పీఎఫ్ ఆఫీసు ఉంది, ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసే వీలూ ఉంది.

ఈలోగా వేరే పని వెతుక్కోండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు మీరూ మూడు ప్రశ్నలు అడగండి: ఇక్కడ హాజిరీ ఎవరు, ఎప్పుడు వేస్తారు? కూలి నెల తిరిగిన 7 రోజుల్లో పడుతుందా? పని ప్రమాదంగా కనిపిస్తే ఆపే అధికారం నాకు ఉంటుందా? యజమాని తడుముకోకుండా జవాబు చెప్పిన చోట, జీతం వెయ్యి రూపాయలు తక్కువైనా చేరండి.