పన్నెండు గంపలు, మన ఇంటి చెత్తబుట్ట



మీ ఇంట్లో తిరుహృదయ పటం వెనుక ఒకసారి చూడండి. క్రిందటి మ్రానికొమ్మల ఆదివారం నాడు గుడినుండి తెచ్చుకొన్న ఈతాకు ఎండిపోయి అక్కడే ఉండి ఉంటుంది. విభూది బుధవారానికి ముందు ఆ ఆకులను తిరిగి తెచ్చి ఇవ్వమని గురువులు పూజలో చెబుతారు. వాటిని కాల్చగా వచ్చిన బూడిదనే ఆశీర్వదించి మన నుదుట పూస్తారు. ఒక ఏటి ఆకు మరుసటి ఏటి విభూది అవుతుంది. రీసైక్లింగ్ అనే మాట మన ఊళ్ళకు రాకముందే శ్రీసభ ఇంట్లో ఈ అలవాటు ఉంది.

అంతకంటే పాత పాఠం యోహాను సువార్త 6వ అధ్యాయంలో ఉంది. ఒక పిల్లవాని దగ్గర ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు. పురుషులే ఐదువేలమంది. అందరూ కడుపునిండా తిన్నాక, ఏదీ వ్యర్థం కాకుండా మిగిలిన ముక్కలను పోగుచేయమని ప్రభువు శిష్యులకు చెప్పారు. పన్నెండు గంపలు నిండాయి. ఐదు రొట్టెలతో ఐదువేలమందిని పోషించగలిగిన ప్రభువుకు ఆ ముక్కలు ఒక లెక్కా? మరునాడు మళ్ళీ ఇవ్వలేరా? అయినా ఏరించారు. ఈ సువార్త మీద మనం చాలా ప్రసంగాలు విన్నాం. ఐదు రొట్టెల సంగతి విన్నంతగా పన్నెండు గంపల సంగతి వినలేదని నాకనిపిస్తుంది.

ఈ విషయం శ్రీసభకు కొత్త కాదు. 1979లో రెండవ జాన్ పాల్ పాపుగారు అసిస్సీ పునీత ఫ్రాన్సిసువారిని పర్యావరణానికి పాలకులుగా ప్రకటించారు. 1990 జనవరి 1న ప్రపంచ శాంతి దినానికి వారిచ్చిన సందేశమంతా సృష్టిని కాపాడుకోవడం గురించే. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు వెలువరించిన ‘లౌదాతో సీ’ విశ్వలేఖ 211వ పేరాలో మన వంటింటి విషయాలే ఉన్నాయి. ప్లాస్టిక్కు, కాగితం తక్కువ వాడటం, నీళ్ళు పొదుపు చేయటం, చెత్త వేరు చేయటం, తినగలిగినంతే వండుకోవటం, అక్కరలేని దీపాలు ఆర్పటం. ఇంత చిన్న సంగతులు విశ్వలేఖలో ఎందుకని కొందరు అడుగుతారు. దానికి జవాబు మన వాకిట్లోనే ఉంది.

ప్రొద్దున్నే చెత్తబండి వస్తుంది. మనం మూతికట్టిన ఒక సంచి అందులో పడవేసి లోపలికి వస్తాము. అందులో రాత్రి మిగిలిన కూర, పగిలిన గ్లాసు ముక్కలు, పసిపిల్లల డైపర్లు, అయిపోయిన బ్యాటరీలు, పాలప్యాకెట్లు అన్నీ కలిసే ఉంటాయి. మనం వేరుచేయనిది ఎవరో ఒకరు వేరుచేయాలి. ఆ సంచి విప్పి చేయి పెట్టేది ఒక మనిషి. చాలాసార్లు చేతికి తొడుగు ఉండదు. అటువంటివారిలో కొందరు ఆదివారం మన ప్రక్కనే మోకరించి సత్ప్రసాదం స్వీకరిస్తారు. ఆ చేతికి మన ఇంటి గాజుముక్క గుచ్చుకొంటే, అది కేవలం పర్యావరణ సమస్య అని నేననుకోలేను. నేను పాపసంకీర్తనానికి సిద్ధపడేటప్పుడు ఈ మధ్య దీనిని కూడా గుర్తుచేసుకొంటున్నాను.

అందుచేత మొదటి పని రెండు బుట్టలు పెట్టుకోవడం. ఒకటి తడిచెత్తకు, ఒకటి పొడిచెత్తకు. 2016లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిబంధనలు కూడా ఇంట్లోనే వేరుచేయమన్నాయి. ఈ రెండూ కాక ప్రమాదకరమైనవాటిని విడిగా ఇవ్వాలి. గాజుముక్కలను మందపాటి పాత పేపర్లో చుట్టి, దారం కట్టి, పైన ‘గాజు’ అని వ్రాయండి. డైపర్లు, ఆడవారి ప్యాడ్లు కాగితంలో చుట్టి పైన ఎర్ర సిరాతో పెద్ద చుక్క పెట్టండి. విప్పి చూడనక్కరలేదని అవతలివారికి తెలుస్తుంది. ట్యూబులైట్లలో పాదరసం ఉంటుంది కాబట్టి వాటిని పగులగొట్టి బుట్టలో వేయకూడదు.

తడిచెత్త సంగతి కొంచెం వివరంగా చెబుతాను. కూరగాయల తొక్కలు, టీపొడి, అరటితొక్క, వాడిన పూలు, ఇవన్నీ మట్టిలో పుట్టి మట్టిలో కలిసేవే. వీటిని ప్లాస్టిక్కుతో కలిపి ఊరిబయట గుట్టగా పోస్తే లోపల గాలి ఆడదు. గాలి లేనిచోట కుళ్ళినప్పుడు మీథేన్ అనే వాయువు పుడుతుంది. అది అంటుకొనే వాయువు. వేసవిలో చెత్తగుట్టలు రోజులతరబడి తగలబడటానికి ఇది ఒక కారణం. ఆ పొగ పీల్చేది గుట్ట ప్రక్కన గుడిసెలు వేసుకొన్నవారు.

ఇంట్లో ఎరువు చేసుకోవడానికి పెరడు ఉండనక్కరలేదు. పాత కుండ గాని, పనికిరాని బకెట్టు గాని తీసుకొని అడుగునా ప్రక్కలా రంధ్రాలు పెట్టండి. అడుగున ఎండుటాకులో కొబ్బరిపీచో జానెడు పరవండి. ఏ రోజు తొక్కలు ఆ రోజు చిన్నముక్కలు చేసి వేసి, పైన మళ్ళీ గుప్పెడు ఎండుటాకులు కప్పండి. మొదట్లో కాస్త పుల్లమజ్జిగ గాని పేడనీళ్ళు గాని చల్లితే పని త్వరగా మొదలవుతుంది. వారానికి రెండుసార్లు కర్రతో కలపాలి. కుండ నిండాక ఇంకొకటి మొదలుపెట్టి దీనిని వదిలేస్తే, ఒకటిన్నర రెండు నెలలలో నల్లగా, వానపడ్డ మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. మేము మొదటిసారి చేసినప్పుడు సాంబారు, మిగిలిన అన్నం, చేపముళ్ళు అన్నీ అందులో వేశాం. నాలుగోనాటికి పురుగులు పట్టి, వాసనకు ఇంటివారందరూ నామీద యుద్ధానికి వచ్చారు. నూనె, ఉప్పు ఉన్న వంటకాలు, ఎముకలు కుండలో వేయకండి. ఆదివారం మాంసం ఎముకలను స్థలమున్నవారు లోతుగా గొయ్యి తీసి పూడ్చవచ్చు. వాసన వస్తే తడి ఎక్కువైందని అర్థం. ఎండుటాకులు వేసి కలిపితే సర్దుకొంటుంది.

అన్నం మిగలటమే లేకపోతే ఈ బాధ సగం తగ్గుతుందని మా అమ్మగారు ఆనాడే అన్నారు. ఆమె మాట నిజం. వండేముందు ఎంతమంది తింటారో అడిగి బియ్యం పోయడం ఏ కుండకన్నా మేలు.

ఇక పొడిచెత్త. పేపర్లు, అట్టపెట్టెలు, సీసాలు, ఇనుము పాతసామాన్లవాళ్ళు కొంటారని అందరికీ తెలుసు. తెలియనిది పాలప్యాకెట్ల సంగతి. ఖాళీ ప్యాకెట్టును కడిగి ఆరవేస్తే అదీ పనికివస్తుంది. కడగకపోతే పుల్లని వాసనకు ఎవరూ ముట్టుకోరు. ప్యాకెట్టు మూల కత్తిరించేటప్పుడు ఆ చిన్న ముక్కను పూర్తిగా విడదీయకండి. అతుక్కొని ఉండేలా ఒక గాటు పెట్టండి. విడిపోయిన ముక్కను ఎవరూ ఏరలేరు. అది కాలువకో, మట్టిలోకో, మేకపొట్టలోకో పోతుంది. ప్లాస్టిక్కును మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాకిట్లో కాల్చవద్దు. అందులోనూ పి.వి.సి. కాలితే వచ్చే పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి.

పి.వి.సి. అంటే గుర్తుకువచ్చింది, మన పండుగ ఫ్లెక్సీలు సాధారణంగా దానితో చేసినవే. విచారణ పండుగకు పాలక పునీతుని బొమ్మ ఇంత, శుభాకాంక్షలు చెప్పేవారి బొమ్మలు అంత! నవ్వులాటకే అంటున్నాను, పెద్దలు క్షమించాలి. గుడ్డమీద రంగులతో వ్రాయించి, సంవత్సరం మాత్రం మార్చుకొనేలా ఖాళీ వదిలితే పదేళ్ళు వస్తుంది. ఇప్పటికే ఉన్న ఫ్లెక్సీలను పారవేయకుండా గడ్డివాముల మీద, పాకల మీద కప్పుకోవడానికి ఇవ్వండి.

పండుగ భోజనాలు ఇంకొక సంగతి. ప్లాస్టిక్కు పళ్ళాలు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు వంటివాటిని 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. కాగితం గ్లాసులు మంచివని మనం వాటికి మారాము. కాని చాలా కాగితం గ్లాసుల లోపల పలుచని ప్లాస్టిక్కు పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది. అందుకే అవి చక్కగా మట్టిలోనూ కలవవు, పాత కాగితంగానూ సులువుగా అమ్ముడుపోవు. మన పెద్దలు అరటాకులో, మోదుగ విస్తరిలో వడ్డించేవారు. అడ్డాకులు ఏజెన్సీ అడవులలో గిరిజన కుటుంబాలు కోసి, కుట్టి అమ్ముతారు. ఆ విస్తళ్ళు కొంటే మన రూపాయి వారికి చేరుతుంది, తిన్నాక ఆకు ఎరువవుతుంది. ఇంకా మేలైనది, విచారణకంతటికీ మూడు నాలుగు వందల స్టీలు కంచాలు, గ్లాసులు ఒకసారి కొని గుడి గదిలో ఉంచడం. పెళ్ళికి, జ్ఞానస్నానానికి, వర్ధంతికి ఎవరికి కావలసినా తీసుకొని, కడిగి తిరిగి అప్పగించాలి. లెక్క చూసే బాధ్యత యువతకు ఇవ్వవచ్చు. ఫిబ్రవరిలో గుణదలమాత ఉత్సవాలకు వెళ్ళే కుటుంబాలు ఇంటినుండే నీళ్ళసీసా, కంచం పట్టుకెళ్తే కొండమీద అంతమేరకు చెత్త తగ్గుతుంది.

పాతబట్టల విషయంలో ఒక కఠినమైన మాట. పేదలకని గుడికి పంపే మూటలలో చిరిగినవి, మరకలు పోనివి, గుండీలు లేనివి కనబడుతుంటాయి. అది దానం కాదు, మన చెత్తను వారింటికి పంపడం. ఉతికి, గుండీలు కుట్టి, మడతపెట్టి ఇవ్వండి. ఇవ్వటానికి పనికిరాని నూలుచీరలను బొంతలు కుట్టుకోండి. మిగిలిన పీలికలు మసిగుడ్డలకు, సంచులకు పనికివస్తాయి.

నీళ్ళు, కరెంటు గురించి రెండు లెక్కలు చెప్పి వదిలేస్తాను. కొళాయి క్షణానికి ఒక్క చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలను ఒక మిల్లీలీటరనుకొంటే నాలుగు లీటర్లు దాటుతుంది. ఒక వాషరు మార్చితే ఆగిపోతుంది. 60 వాట్ల పాత బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బయితే ఒకటిన్నర యూనిట్టు కూడా కాదు. బియ్యం కడిగిన నీళ్ళు మొక్కలకు, నీటిశుద్ధి యంత్రం వదిలే నీళ్ళు గచ్చు తుడవడానికి వాడుకోవచ్చు.

పాతకాలం అంతా బంగారమని నేననను. కట్టెలపొయ్యి పొగకు మన తల్లుల కళ్ళు ఎలా మండాయో చూశాం. ఇప్పుడు చెత్త వేరుచేయడం, కుండ కలపడం, ప్యాకెట్లు కడగడం కూడా వారి నెత్తినే పెడితే న్యాయం కాదు. కుండ కలిపే పని తండ్రులు తీసుకోండి. పాలప్యాకెట్లు పిల్లలకు అప్పగించండి. అమ్మగా వచ్చిన డబ్బు వారే దాచుకొని తపస్సుకాలపు కానుకగా ఇస్తారు.

ఈ వారం కుటుంబ జపమాల తరువాత, అందరూ కూర్చొని ఉన్నప్పుడే, రెండు ప్రశ్నలు వేసుకోండి. నిన్న మన ఇంటినుండి బయటకు వెళ్ళిన సంచిలో ఏమేమున్నాయి? దానిని తీసుకువెళ్ళిన మనిషి పేరు మనలో ఎవరికైనా తెలుసా?